సరోజినీదేవి - రంగుగీత

మోతెనుండి సూర్యాపేట మీదుగా హైదరాబాదునకు బోవువారు త్రోవలో మూసీనదిని దాటుదురు. వేసవిలో అది పిల్లకాలువవలె గన్పట్టును. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నదియే రాజధానిలో వేలకొలది ప్రాణములను బలిగొన్నది. నాడు దిక్కులేనివారికి సాయపడినవారిలో శ్రీమతి సరోజినీనాయుడుగారొకరు. అందులకు ఆంగ్ల ప్రభుత్వమువారు కైసరిహింద్ పతకమొసంగిరి. ఆమె జీవితకథలో మా దృష్టి మాటిమాటికి ఆ పతకముమీదనే నిలుచుచున్నది.

1879లో హైదరాబాదున వంగకుటుంబమున జన్మించి, 1898లో ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని వరించి ఆమె తెనుగింటి కోడలైరి. ఆంగ్లకవితచే దొరల మెప్పు వడసిరి. 1914లో యుద్ధము వచ్చినపుడు లండనులో భారతస్త్రీలను సమకూర్చి సైనికులకు దుస్తులు కుట్టించిరి. ఆపదలో తోడ్పడినచో సామ్రాజ్యము మన హక్కులను గుర్తించునని నమ్మినవారు నాడు పెక్కురు, గాంధీజీయు నమ్మిరి. ఆమెనొక్కతెనే తప్పుపట్టుట న్యాయము గాదు.

1917 డిసెంబరులో మదరాసున మాంటేగు దొరగారిని స్త్రీలకు వోటు కోరిన ప్రతినిధివర్గమునకు ఆమెయే నాయకురాలు. మరుసటియేడు బ్రిటనులో ముప్పదియేండ్లు నిండిన స్త్రీలలో పెక్కుమందికి వోటు లభించెను. 1919లో మన స్త్రీల పక్షమున ఆమె పార్లమెంటు సంఘమునెదుట సాక్ష్యమిచ్చినను, ఆ ప్రశ్నను రాష్ట్ర శాసనసభల మీదికి నెట్టివైచిరి. ఆ యేటనే పంజాబు ఘోరము జరిగినది. పిమ్మట ఆమె పతకమును తిరిగి ఇచ్చివేసిరి.

1924లో ఆమె ఆఫ్రికాకు బోయి మొంబాసాలో భారతీయ మహాసభకు అధ్యక్షత వహించిరి. ఆ కెన్యాదేశమున స్త్రీలు 1919లోనే వోటు సాధించిరి. సాధించినది తెల్లదొరసానులు, పొందినదియు వారే. అచ్చటినుండి దక్షిణాఫ్రికా జేరిరి. చెరకుతోటలకు కూలికి బోయిన మన తెనుగువారి సంతతి నటాలులో నేటికిని గలదు. ఆ దేశమున 1930లో స్త్రీలకు వోటుచట్టము వచ్చెను. అదియు శ్వేతస్త్రీలకు మాత్రమే! ఏండ్లతరబడి సమానత్వము పేర పోరాడిన స్త్రీసంఘము నల్లవారిని వెలివైచిన ఆ వరమును కాదనలేదు. ఇంటివారందరి పేరు చెప్పి తెచ్చిన యన్నమును తలుపు మూసికొని తామే తినుట యిట్టిదే. తెల్లస్త్రీ ముందుగా తెల్లజాతిని జూచుకొన్నది, పిదపనే స్త్రీజాతిని.

మనవారి సంగతియు చెప్పక తీరదు. 1930లో సరోజినీదేవి అధ్యక్షత వహించిన అఖిలభారత మహిళాసభ 1937లో నాగపురమున గూడినపుడు, దళితస్త్రీలకు భోజనపంక్తి వేరుగా వేసిరి. సభలో సోదరీభావము, విస్తరివద్ద కులము! ఆ స్త్రీలు 1942 జూలైలో ఆ నాగపురముననే తమ మహాసభను తాము జరుపుకొనిరి. మరుమాసమున సరోజినీదేవి పూనాలో ఆగాఖాను భవనమున బందీయైరి. స్వరాజ్యము వచ్చిన పిదప సంయుక్తరాష్ట్రములకు గవర్నరై, 1949 మార్చి 2వ తేదీన లక్నోలో దివంగతులైరి.