బొగ్గు లెక్క జెప్పిన జెవన్స్

నా సెల్లు కొని ఐదేండ్లయింది. మొన్న లక్ష్మీనగర్‌ల రిపేరు చేసే పిలగాన్ని అడిగితె, కొత్తదెందుకన్నా, బ్యాటరీ మారిస్తె ఇంకో రెండేండ్లు నడుస్తదన్నడు. కొత్తదానికి పాతదానికి పెద్ద ఫరకేం లేదట. నాకు విలియం స్టాన్లీ జెవన్స్ యాదికొచ్చిండు. బొగ్గు మీద రాసినాయనకు సెల్లుకు ఏం సంబంధమంటరా, చెప్త.

జెవన్స్ 1835ల ఇంగ్లాండు లివర్‌పూల్‌ల పుట్టిండు. తండ్రిది ఇనుము యాపారం. పదేండ్లకే తల్లి పోయింది, 1848ల యాపారం దివాలా తీసింది. 1854ల చదువు నడిమిట్ల ఇడిసి ఆస్ట్రేలియా పోయి, సిడ్నీ టంకశాలల బంగారం పరీక్ష చేసే కొలువుల చేరిండు. ఐదేండ్లకు గా మంచి జీతం కాదనుకొని మళ్ల లండన్‌కు చదువుకొచ్చిండు. చదువు ఆగిపోయిన నాసోంటోనికి గీ ముచ్చట మస్తు నచ్చింది.

1865ల, ముప్పై ఏండ్లు నిండకముందే, బొగ్గు మీద పుస్తకం అచ్చేసిండు. మంచి యంత్రాలొస్తె బొగ్గు మిగులుతదని అందరు అనుకుంటున్న రోజులవి. ఈయన ఉల్టా చెప్పిండు. జేమ్స్ వాట్ యంత్రం తక్కువ బొగ్గుతోని ఎక్కువ పనిజేసింది, పని అగ్గువైంది, మిల్లు మిల్లుకు యంత్రం జొచ్చింది, ఆఖరికి బొగ్గు ఇంకింత ఎక్కువ కాలింది. వాడకం ఏటా 3.5 శాతం, అంటె 20 ఏండ్లకోసారి రెట్టింపు. గిట్ల ఎల్లకాలం నడవదు, గని లోతుకు పోయినకొద్ది బొగ్గు పిరమైతదని లెక్కగట్టిండు. గీ ముక్క మన ఖనిల ఎవ్వలకు కొత్తగాదు.

మనకాడ 1990ల మొదట్ల సింగరేణిల లక్షకు పైన కార్మికులుండిరి. ఇప్పుడు నలభై వేల చిల్లర. తీసే బొగ్గు మాత్రం మూడింతలు దాటింది. మిషిన్లొచ్చి కొలువులు తగ్గినయి, బొగ్గు తగ్గలె.

జెవన్స్ పుస్తకమొచ్చిన సరిగ్గ నూరేండ్లకు, 1965ల, అమెరికాల గోర్డన్ మూర్ చిప్పు లెక్క చెప్పిండు. చిప్పు మీది ట్రాన్సిస్టర్లు ఏటేటా రెట్టింపయితయన్నడు, 1975ల దాన్ని రెండేండ్లకు మార్చిండు. గా లెక్కనే మనతోని ఏండ్లకేండ్లు కొత్త కంప్యూటర్లు కొనిపిచ్చింది. 2005 అటిటుగ వేడికి తట్టుకోలేక చిప్పు వేగం పెరుగుడు మందగించింది. ఇంకా చిన్నగ జేసినకొద్ది ఫ్యాక్టరీ పిరమైంది, అచ్చం లోతు గని లెక్క. మనసోంటోళ్లు పాత సెల్లుతోనే ఎల్లదీస్తున్నరు. ఇగ కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల గిరాకి ఎంబడి పడ్డయి. 2025 జనవరిల చైనా డీప్‌సీక్ అగ్గువల ఏఐ చేస్తె చిప్పు షేర్లు కూలినయి. అప్పుడు మన హైదరాబాదుల పుట్టిన సత్య నాదెళ్ల జెవన్స్ పేరే తీసిండు, అగ్గువైతె వాడకం పెరుగుతదని ధైర్యం చెప్పిండు. ఆయనకది శుభవార్త. గా వాడకానికి కరెంటు కావాలె గద. మన రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్లు బొగ్గు కాలవెట్టే తీస్తది. ఓపెన్ కాస్టుల కింద ఊర్లు పోయినోళ్లు, బూడిద మింగెటోళ్లు గిక్కడనే ఉన్నరు.

జెవన్స్‌కు కంప్యూటరుతోని సొంత చుట్టరికం గూడ ఉన్నది. 1869ల పియానో లెక్క మీటలు నొక్కితె తర్కం తేల్చే యంత్రం చేయించిండు, తెల్లారేడు లండన్ రాయల్ సొసైటీల చూపెట్టిండు. తప్పులు గూడ చేసిండు. పెట్రోలు బొగ్గు జాగల వస్తదనుకోలె.

1882 ఆగస్టుల సముద్రంల ఈతకు దిగి మునిగి చచ్చిపోయిండు. నలభై ఆరేండ్లే. బొగ్గు లెక్కనే కాయితం గూడ కరువైతదని బుగులుపడి ఇంట్ల కట్టలకు కట్టలు కొనిపెట్టిండట. ఆయన పోయిన యాభై ఏండ్లకు గూడ ప్యాకింగు కాయితం పిల్లలకు ఒడవలేదని కీన్స్ రాసిండు.