ఆకు మందుకు కొలత చెప్పిన వైద్యుడు – విలియం విథరింగ్

పసర్లు, కషాయాలు, వేర్ల చూర్ణాలు తాగి పెరిగిన వాళ్ళమే మనమంతా. నాలుగక్షరాలు నేర్చుకున్నాక కొందరం అదంతా మూఢనమ్మకమని నవ్వుతున్నాం. ఇంకొందరం చెట్టు మందు కదా, చెడు చెయ్యదులే అని కళ్ళు మూసుకుని మింగుతున్నాం. ఈ రెండూ పొరపాటేనని 200 ఏళ్ళకు పైబడే తన పనితో చూపించిన వైద్యుడు ఒకాయన ఉన్నాడు. ఆయన జీవితాన్ని మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, పూర్వ విద్యార్థులకు పరిచయం చేయాలనుకున్నాం.

విలియం విథరింగ్ 1741లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, వెల్లింగ్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి వైద్యవృత్తిలోనే ఉండేవాడు. ఎడిన్‌బరోలో చదివి 1766లో వైద్యపట్టా పొందాడు. విచిత్రమేమిటంటే, విద్యార్థిగా ఆయనకు వృక్షశాస్త్రమంటే గిట్టేది కాదు. స్టాఫర్డ్ పట్టణంలో వైద్యం చేస్తున్నప్పుడు హెలెనా కుక్స్ అనే యువతి రోగిగా వచ్చింది. ఆమె పువ్వుల బొమ్మలు గీసేది. ఆమె కోసం మొక్కలు సేకరిస్తూ సేకరిస్తూ ఆయన వాటి మీద ఇష్టం పెంచుకున్నాడు. 1772లో ఆమెనే పెళ్ళాడాడు. 1776లో బ్రిటన్‌లో పెరిగే మొక్కలపై పెద్ద గ్రంథమే వెలువరించాడు. గిట్టని సబ్జెక్టే చివరికి ఆయనకు పేరు తెచ్చింది.

1775లో ఆయన బర్మింగ్‌హాం చేరాడు. ఆ ఏడాదే ఒక నాటు మందు గురించి ఆయన అభిప్రాయం అడిగారు. ఒంటికి నీరు పట్టి, కాళ్ళు పొట్ట ఉబ్బిపోయిన వాళ్ళకు ష్రాప్‌షైర్‌లో ఒక ముసలామె రహస్యంగా ఆ మందు ఇచ్చేది. డాక్టర్లు చేతులెత్తేసిన వాళ్ళు కూడా కొందరు దాంతో లేచి తిరిగారు. అందులో 20కి పైగా మూలికలున్నాయి. మొక్కలు తెలిసిన విథరింగ్, అసలు పని చేసేది ఫాక్స్‌గ్లోవ్ ఒక్కటేనని గుర్తుపట్టాడు. గంటల్లాంటి ఊదారంగు పూలు పూసే ఆ మొక్క శాస్త్రీయ నామం డిజిటాలిస్.

అక్కడి నుంచి పదేళ్ళు పరీక్షించాడు. మొదట ఆకు కషాయం వాడాడు. మోతాదు ఎక్కువై రోగులు వాంతులతో బాధపడ్డారు. ఆకు వయసును బట్టి, కోసిన కాలాన్ని బట్టి బలం మారుతోందని గమనించాడు. అందుకని మొక్క పూతకొచ్చే వేళ ఆకులు కోసి, ఈనెలు తీసేసి, ఎండబెట్టి పొడి చేయించాడు. పెద్దవాళ్ళకు ఆ పొడి 1 నుంచి 3 గ్రెయిన్లు, రోజుకు రెండుసార్లు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మూత్రం మీద గానీ, కడుపు మీద గానీ, నాడి మీద గానీ మందు ప్రభావం కనిపించగానే ఆపెయ్యాలని నియమం పెట్టాడు. మోతాదు మించితే వస్తువులు పచ్చగా, పసుపుగా కనిపిస్తాయని, నాడి నిమిషానికి 35కు కూడా పడిపోవచ్చని, ప్రాణమే పోవచ్చని రాసిపెట్టాడు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ఈ పరీక్షలు మొదట ఎవరి మీద జరిగాయి? ఆయన రోజూ ఒక గంట పేదలను ఉచితంగా చూసేవాడు. అలా ఏటా రెండు మూడు వేల మంది వచ్చేవారు. తొలి మోతాదుల బాధలో వాళ్ళ వంతు ఉంది. ఇప్పటిలా రోగి చేత రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకునే నియమాలు ఆనాడు లేవు. ఆ వరుసలో నిలబడే కుటుంబాల నుంచి వచ్చిన మనకు ఇది మింగుడుపడదు. అయితే ఆయన వాళ్ళ బాధను దాచలేదు. 1785లో అచ్చువేసిన పుస్తకంలో సుమారు 160 మంది రోగుల వివరాలిచ్చాడు. బాగుపడిన వాళ్ళనే ఏరుకోకుండా, గుణం కనపడని వాళ్ళను, చనిపోయిన వాళ్ళను కూడా చేర్చాడు. ఆ నిజాయితీ వల్లే అది శాస్త్రమైంది.

పేరు విషయంలో ఆయనకూ దెబ్బ తగిలింది. చార్లెస్ డార్విన్ తాత, వైద్యుడు ఎరాస్మస్ డార్విన్ 1780లో విథరింగ్ పేరు చెప్పకుండానే ఈ మందు గురించి ప్రకటించాడు. తర్వాత ఇద్దరి స్నేహం చెడింది. కానీ ఆ ముసలామె పేరు? దాన్ని విథరింగ్ కూడా రాయలేదు. ఆ తర్వాత ప్రచారంలోకి వచ్చిన పేరు 20వ శతాబ్దంలో ఒక మందుల కంపెనీ ప్రకటన కోసం పుట్టించినదే. జబ్బు తగ్గించే ఆకు ఆమెకు తెలుసు, ఎంత ఇస్తే మందో ఎంత మించితే విషమో ఆయన తేల్చాడు. చరిత్రలో ఒక్కరి పేరే మిగిలింది.

విథరింగ్ చాలాకాలం ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడి 1799లో కన్నుమూశాడు. ఆ మందు మూత్రపిండాల మీద పని చేస్తుందనే ఆయన ప్రధానంగా భావించినా, గుండె కదలిక మీద దాని శక్తిని కూడా గమనించాడు. బలహీనపడిన గుండెకు అది బలమిస్తుందని, అందువల్లే ఒంటి నీరు దిగుతుందని తర్వాతి వాళ్ళు తేల్చారు. 1930లో అదే జాతికి చెందిన మరో మొక్క నుంచి డిగాక్సిన్ వేరుచేశారు. దాన్ని నేటికీ డాక్టర్లు జాగ్రత్తగా కొలిచి ఇస్తున్నారు. మన ఊళ్ళలో కనిపించే గన్నేరులోనూ ఇదే కోవ విషముంది. చెట్టుది కాబట్టి మంచిదే అనుకోకూడదనడానికి ఆ ఒక్క చెట్టు చాలు.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాయనమ్మ చెప్పే మందును ఎగతాళి చేయవద్దు, గుడ్డిగా మింగనూ వద్దు. ఏ ఆకు, ఏ కాలంలో కోస్తారు, ఎంత ఇస్తారు, ఎవరికి తగ్గింది, ఎవరికి వికటించింది అని అడిగి నోటుబుక్కులో రాయండి. మనలో రేపు బాటనీ, ఫార్మసీ, వైద్యం చదివేవాళ్ళు దాన్ని పరీక్షకు పెట్టవచ్చు. ఆ పేజీ పైన ముందుగా నాయనమ్మ పేరు రాయడం మాత్రం మరచిపోవద్దు.