డాక్టర్ థియొడోర్ బిల్‌హార్జ్

నైలు కాలువల వెంట బతికే ఈజిప్టు రైతులకు మూత్రంలో నెత్తురు పడటం ఒకప్పుడు వింత కాదు. మగపిల్లాడికి ఈడొచ్చిన గుర్తని కూడా అనుకునేవారట! అది రోగమనీ, దానికో పురుగు కారణమనీ చూపినవాడు థియొడోర్ బిల్‌హార్జ్ అనే జర్మన్ డాక్టరు. అప్పటికి ఆయన వయస్సు 26 ఏళ్ళు.

1825లో జిగ్మరింగెన్‌లో పుట్టాడు. 1850లో గురువు గ్రీసింగర్ వెంట కైరో చేరి, కస్ర్ అల్ ఐనీ ఆస్పత్రిలో శవపరీక్షలకు పూనుకున్నాడు. ఆ ఎండల్లో ఆ పని ఎలాంటిదో, జువాలజీ లాబ్‌లో ఒక్క కప్పను కోసి ముక్కు మూసుకునే మనం ఊహించుకోవలసిందే. 1851లో ఒక శవంలో, కాలేయానికి పోయే సిరలో, తెల్లని సన్నటి పురుగులు కనబడ్డాయి. మగది తన వొంటి మడతలో ఆడదాన్ని పొదువుకొని వుంది. మరుసటేడు మూత్రాశయం గోడమీది పులిపిర్లలాంటి కండల్లో ముల్లున్న గుడ్లు దొరికాయి. నెత్తురు ఎక్కణ్ణించి వస్తోందో తేలిపోయింది.

గురువు వెళ్ళిపోయినా ఈయన వుండిపోయి, అక్కడి వైద్య కళాశాలలోనే ఆచార్యుడయ్యాడు. విద్యుత్తు పుట్టించే నైలు చేప మీద కూడా పరిశోధన చేశాడు. 1862లో ఒక జర్మన్ ప్రభువు బృందంతో ఎర్రసముద్ర తీరానికి వెళ్ళి, విషజ్వరం తగిలి కైరోలో చనిపోయాడు. 37 ఏళ్ళకే!

పురుగు వొంట్లోకి ఎలా చేరుతుందో ఆయనకు తెలియలేదు. 1915లో లీపర్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు: నీటినత్తలోంచి వెలువడ్డ పిల్లపురుగు, నీళ్ళలో నిలబడ్డవాడి చర్మం తొలుచుకుపోతుంది. తాగనక్కర్లేదు, కాలు పెడితే చాలు. కాలవలో దిగకుండా మడికి నీళ్ళు పెట్టే రైతు ఎక్కడున్నాడండీ?

ఏళ్ళ తరబడి గుడ్లు ఇరుక్కుని మూత్రాశయం పుండై, కొందరికి కేన్సర్ అవుతుంది. 1911లో అదే కైరోలో ఫెర్గూసన్ అనే డాక్టరు ఈ లంకెను 40 కేసులతో వివరించాడు.

వైద్యం కథ మరీ బాధాకరం. 1980ల తొలినాళ్ళ దాకా ఈజిప్టు పల్లెల్లో ఆంటిమొనీ ఇంజెక్షన్లు ఇచ్చారు. సరిగా మరిగించని సూదులతో హెపటైటిస్ సి లక్షలమందికి పాకింది. తర్వాత వచ్చిన ప్రాజిక్వాంటెల్ మాత్ర పురుగును చంపుతుంది, కేన్సర్‌ను కాదు. లోతుకు పాకిన కేన్సర్‌కు చాలామందిలో మూత్రాశయాన్నే కోసి తీసెయ్యాలి. పురుగు తగ్గాక ఈజిప్టులో ఈ తరహా కేన్సరూ తగ్గుతూ వచ్చింది.