ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

ఊరికి పేరు పెట్టినంత సులభంగా ఊరి పాలనను మార్చడం సాధ్యం కాదు. పాలన ఎవరి కోసమో, దాని వ్యయం ఎవరు భరించాలో, ఆ నిర్ణయం ఎవరు చేయాలో తేలకుండా రూపొందిన వ్యవస్థ ఎంత ఘనమైనదైనా ప్రజలకు పరాయిదిగానే ఉంటుంది. ఈ సత్యాన్ని ఒక చిన్న పట్టణం ద్వారా దేశానికి చాటిన ధీరుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆయన 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పుట్టిన మూడవ నాడే తల్లి, మూడేళ్ల ప్రాయంలో తండ్రి మరణించగా బంధువుల పోషణలో పెరిగారు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండుకు వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పొందారు. కళామర్మజ్ఞుడైన ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ గ్రంథం 1917లో వెలువడింది. స్వదేశానికి వచ్చి కొంతకాలం అధ్యాపకవృత్తిలో ఉన్నా, దేశసేవాకాంక్ష ఆయనను అక్కడ నిలువనీయలేదు.

చీరాలను కార్యక్షేత్రంగా చేసుకొని, యువకులను సమీకరించి, రామదండు అనే సేవాదళాన్ని తీర్చిదిద్దారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశాలలో ఆ దళం చేసిన సేవ పలువురి మన్ననలు పొందింది.

అప్పటికే చీరాలలో అశాంతి రగులుతున్నది. చీరాల, పేరాల గ్రామాల జనాభా సుమారు 15 వేలు. వారిలో అధికులు నేతపని వారు, చిన్న రైతులు, కూలీలు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా మార్చింది. ఆరోగ్యం, పారిశుద్ధ్యం మెరుగుపడతాయన్నది ప్రభుత్వ వాదన. కాని పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. మగ్గం మీద బతికే కుటుంబానికి అది మోయరాని బరువు. ఆ రోజులలో స్థానిక ఎన్నికలలో ఓటుహక్కు ఆస్తి, పన్నుల అర్హతలను బట్టి కొందరికే ఉండేది. భారం అందరిదీ, నిర్ణయం కొందరిదీ అయింది. ప్రజల విన్నపాలు ఫలించలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేయగా, ప్రభుత్వం జీతం తీసుకొనే అధికారిని అధ్యక్షునిగా నియమించింది. 1920 చివరలో స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగువాడైన పానగల్లు రాజా చేతికి వచ్చినా చీరాల మొర ఫలించలేదు. పన్ను చెల్లించని 12 మందికి కారాగార శిక్ష పడింది. వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది.

1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాలకు వచ్చారు. శాంతియుతంగా పన్ను నిరాకరించడం, లేదా ఊరు విడిచి పురపాలక పరిధి దాటిపోవడం అనే రెండు మార్గాలు చూపారు. గోపాలకృష్ణయ్య రెండవ దానిని ఎంచుకొన్నారు. ఆ వేసవిలో సుమారు 13 వేల మంది తాతల నాటి ఇళ్లు వదిలి, పరిధికి వెలుపల పాకలు వేసుకొన్నారు. ఆ నివాసానికి రామనగరం అని పేరు. అక్కడ అన్ని కులాలవారు ఎన్నుకొన్న ప్రతినిధులతో సభ ఏర్పడింది. తగవులు తీర్చే పంచాయతీ వెలసింది. పరిపాలనను నిరాకరించినవారు అరాచకాన్ని కోరలేదు. తమ పాలనను తామే నిర్మించుకొన్నారు.

ఎండకు, వానకు ఓర్చి దాదాపు 11 నెలలు వారు నిలిచారు. ఇంతలో బరంపురంలో ప్రసంగించరాదన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది కారాగారవాసం విధించారు. నాయకుడు దూరమయ్యాడు, ధనం కొరవడింది. చివరకు ప్రజలు ఇళ్లకు మరలారు. పురపాలక సంఘం నిలిచింది. విడుదలైన పిదప ఆయన కాంగ్రెసు సేవలో కొనసాగినా, పేదరికం, క్షయవ్యాధి ఆయనను క్రుంగదీశాయి. 1928 జూన్ 10న, 39 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు.

ఆ పోరాటం ఓడిందని చెప్పవచ్చునా? ఫలితాన్ని మాత్రమే చూస్తే ఓడినట్లే. కాని చీరాల ప్రజలు వేసిన ప్రశ్న నశించలేదు. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనకు రాజ్యాంగ హోదా కల్పించింది. ఒక ప్రాంతాన్ని పట్టణంగా గుర్తించే ముందు జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి వంటివి పరిశీలించాలని నిర్దేశించింది. అయిదేళ్లకొకసారి ఎన్నికలు జరగాలని, వాటిని రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్వహించాలని విధించింది. నేడు 18 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ, ఆస్తి ఉన్నా లేకున్నా, ఆ ఎన్నికలలో ఓటు ఉన్నది.

విద్యార్థులారా! త్వరలో ఆ హక్కు మీ చేతికి రానున్నది. వీధి దీపం, మురుగు కాలువ, మంచినీటి కుళాయి చిన్న విషయాలుగా తోచవచ్చు. వాటిపై నిర్ణయం తమదిగా ఉండాలని ఒకనాడు వేలాది మంది సొంత గూటినే విడిచారు. ఓటు వేయకుండా ఇంట కూర్చున్న రోజున ఆ త్యాగం మనకు గుర్తు రావాలి.