ఇంటి పన్ను ఎక్కువ వేశారా? అభ్యంతరం చెప్పే ముందు చీరాల దుగ్గిరాల కథ తెలుసుకోండి

మీ ఫోన్‌కు మునిసిపాలిటీ నుంచి మెసేజ్ వచ్చింది. ఇంటి పన్ను నిరుటి కన్నా ఎక్కువగా ఉంది. లేదంటే ఆదాయపు పన్ను రిటర్న్ వేసిన కొన్ని వారాలకు, ఇంకా ఇంత కట్టాలంటూ ఈమెయిల్ వచ్చింది. చాలామంది ఇక్కడ రెండే పనులు చేస్తారు. తిట్టుకుంటూ కట్టేస్తారు, లేదా చూడనట్టు వదిలేస్తారు. మూడో దారి కూడా ఉంది: ఈ లెక్క తప్పని రాసి ఇవ్వడం. నూరేళ్ల కిందట చీరాల వాళ్లు మొదట చేసింది అదే. దానికి జవాబు రాకపోవడంతో ఊరే ఖాళీ చేశారు. వాళ్లను నడిపించిన మనిషి ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 2022 వరకు ప్రకాశం జిల్లా, 1970కి ముందు గుంటూరు జిల్లా. అప్పట్లో చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్లు. నేతపని వాళ్లు, చిన్న వ్యాపారులు, కూలీలు ఎక్కువ. రెండూ యూనియన్ పరిపాలనలో ఉన్నప్పుడు ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం రెండింటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. దాంతో పన్ను అనేక రెట్లు పెరిగింది. కొత్తగా ఏ సౌకర్యం వచ్చిందని ఇంత కట్టాలన్నది ఊరివాళ్ల ప్రశ్న. అర్జీలు పెట్టుకున్నారు. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం మాత్రం జీతం మీద ఒక ఛైర్మన్‌ను వేసి మునిసిపాలిటీని నడిపించింది. పన్ను కట్టని కొందరిని జైలుకు పంపింది. వాళ్లలో ఒక మహిళ కూడా ఉంది.

గోపాలకృష్ణయ్య గొడవల కోసం చూసే మనిషి కాదు. 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది, పసితనంలోనే తండ్రి కూడా పోయారు. నాయనమ్మ, పినతండ్రి పెంచారు. కూచినపూడిలో, గుంటూరులో చదువుకున్నారు. బాపట్లలో ఏడాది పాటు చిన్న ఉద్యోగం చేశారు. మనసు నిలవలేదు. స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లాండ్ వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎంఏ చేశారు. చదివింది అర్థశాస్త్రం. పన్నుల లెక్కలు ఆయనకు కొత్త కాదన్నమాట. కానీ ఆయన ప్రాణమంతా పాటలో, నాటకంలో, మాటల చమత్కారంలో ఉండేది. కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ పుస్తకం 1917లో అచ్చయింది. తిరిగొచ్చాక రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పి, చివరికి చీరాల చేరారు.

ఇక్కడ ఆయన చేసిన మొదటి పని వాలంటీర్లను కూడగట్టడం. ఆ దళానికి రామదండు అని పేరు పెట్టారు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమ. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో జనాన్ని అదుపు చేసింది వీళ్లే.

ఆ సమావేశాలయ్యాక, 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. ఊరివాళ్ల ముందు రెండు దారులు పెట్టారు. ఊళ్లోనే ఉండి, ఏం జరిగినా చెయ్యెత్తకుండా పన్ను నిరాకరించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి బయటికి వెళ్లిపోవడం రెండోది. ఊళ్లో ఇల్లే లేకపోతే ఇంటి పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? చట్టం మీరకుండానే చట్టాన్ని నిలదీసే ఎత్తు అది. గోపాలకృష్ణయ్య రెండో దారి పట్టారు.

ఎండాకాలం. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి, సామాన్లు నెత్తిన పెట్టుకుని ఊరి బయటికి నడిచారు. అక్కడ తాటాకు పాకలు వేసుకుని, రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. తమలోంచి ప్రతినిధులను ఎన్నుకున్నారు, తగాదాలు తీర్చడానికి సొంత పంచాయతీ కోర్టు పెట్టుకున్నారు. ఎండలు పోయి వానలొచ్చాయి, తరువాత చలి. రోజు కూలి మీద బతికే కుటుంబానికి పాకలో ఒక వానాకాలం గడపడమంటే ఏమిటో మీరు ఊహించుకోవచ్చు. ఆ పాకల్లో కాన్పులు కూడా జరిగి ఉంటాయి. పన్ను ఉద్యమాల గురించి మాట్లాడేటప్పుడు మనం నాయకుల పేర్లే చెబుతాం. మూల్యం ఎక్కువగా చెల్లించింది మాత్రం ఆ పాకల్లో ఉన్నవాళ్లు.

ఇంతమందిని నిలబెట్టడానికి డబ్బు కావాలి. విరాళాలే దిక్కు. గోపాలకృష్ణయ్య ఊరూరా తిరిగారు. ప్రభుత్వం ఆయన సభల్లో మాట్లాడకూడదని నిషేధం పెట్టింది. బరంపురంలో దాన్ని ధిక్కరించినందుకు అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి, తిరుచిరాపల్లి జైలుకు పంపింది. నడిపించేవాడు లేక, చేతిలో డబ్బు లేక రామనగర్ నీరసించింది. 1922లో జనం ఒక్కొక్కరుగా పాత ఇళ్లకు తిరిగి వెళ్లారు. మునిసిపాలిటీ రద్దు కాలేదు. పన్ను విషయంలో వాళ్లు ఓడిపోయారనే చెప్పాలి.

అదే ఏడాది మొదట్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు భూమి శిస్తు కట్టడం ఆపేశారు. అదో పెద్ద కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

ఇక మీ నోటీసు సంగతి. చీరాల వాళ్లకు దొరకని కిటికీ మీకుంది. కొత్త ఇంటి పన్ను వేసినా, పెంచినా మునిసిపాలిటీ ముందుగా ప్రత్యేక నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెప్పడానికి ఎంత గడువుందో అందులోనే చూడండి. కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ రాసి ఇవ్వండి. ఇంటి కొలతలు తప్పా? సొంతానికి వాడుకుంటున్న ఇంటిని వ్యాపార భవనంగా రాశారా? అదే స్పష్టంగా రాయండి. ఎక్కువైంది తగ్గించండి అని మాత్రమే రాస్తే పని జరగదు. నిరుటి రసీదు జత చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కించడం మొదలుపెట్టారు. ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని అప్పుడు పరిమితి కూడా పెట్టారు. కాబట్టి పాత రసీదు పక్కన పెట్టుకుని చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. పిటిషన్ ఇచ్చినట్టు రసీదు తీసుకోకుండా మాత్రం కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.

ఆదాయపు పన్ను దగ్గర పద్ధతి తిరగబడి ఉంటుంది. అక్కడ లెక్క ముందు చెప్పేది మీరే. రిటర్న్‌లో మీరు రాసింది తమ దగ్గరున్న వివరాలతో సరిపోకపోతే, లెక్క మార్చే ముందు శాఖ మీకు తెలియజేస్తుంది. జవాబుకు 30 రోజులు ఉంటాయి. తరువాత డిమాండ్ వచ్చినా, ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో దానితో ఏకీభవించడం లేదని చెప్పి కారణం రాసే వీలుంది. మన జిల్లాల వాళ్లకు తరచూ వచ్చే చిక్కు ఒకటుంది. ఊళ్లో పొలం కౌలుకిచ్చి మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారనుకోండి. మిర్చి, పత్తి పండే ఆ పొలం మీద వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే. దానికి పన్ను లేదు కదా అని రిటర్న్‌లో రాయకుండా వదిలేస్తే, బ్యాంకులో పడిన ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న తరువాత వస్తుంది.

జైలు నుంచి వచ్చిన గోపాలకృష్ణయ్య చేతిలో ఏమీ మిగల్లేదు. ఆరోగ్యం చెడింది. క్షయ పట్టింది. 1928 జూన్ 10న, ముప్పై తొమ్మిదో పుట్టినరోజు దాటిన ఎనిమిదో రోజున, కన్నుమూశారు.