గిడుగు మేష్టారు – మా తప్పిపోయిన సహాధ్యాయి

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా 1984 పదో తరగతి బ్యాచ్ వాళ్లం 40 ఏళ్ల తర్వాత మన బడి ఆవరణలో కలుసుకున్నాం. మొదట ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాం. ఇంటిపేర్లు చెప్పుకున్నాక నవ్వులు మొదలయ్యాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక మిత్రుడు సరదాగా హాజరు పిలుస్తానన్నాడు. పేర్లు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ వెళ్లి ఒకచోట అందరం ఆగిపోయాం. వెనక బెంచీలో కూర్చునే సవర కుర్రవాడు. హాస్టల్లో ఉండి చదివేవాడు. తొమ్మిదో తరగతి మధ్యలో కొండకి వెళ్లిపోయి మళ్లీ రాలేదు. అతని అసలు పేరు మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మేం పెట్టిన వెక్కిరింపు పేరు మాత్రం అందరికీ గుర్తుంది. అతని తెలుగు విని నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ సావనీరుకి మన ప్రాంతపు పెద్దల్లో ఒకరి గురించి రాయమని సంపాదకులు అడిగితే, సాహిత్యం చదువుకోని ఇంజనీరునైనా వెంటనే ఒప్పుకున్నాను. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి గురించే రాయాలనిపించింది.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరం బదిలీ అయ్యాక 1875లో జ్వరంతో పోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. బంధువుల ఇంట ఉండి విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. అక్కడ ఆయనతో కలిసి చదివిన కుర్రవాడు గురజాడ అప్పారావు. ఒకే బడిలో పాఠాలు విన్న ఆ ఇద్దరు పిల్లలు ముందుముందు తెలుగు రాతనే మార్చేస్తారని వాళ్ల మేష్టర్లు ఊహించి ఉండరు.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, మరుసటి ఏడాది రామమూర్తి గారు పర్లాకిమిడి రాజావారి బడిలో మేష్టరుగా చేరారు. జీతం నెలకి 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తి చేశారు. ముఖలింగం గుళ్లో శాసనాలు చదవాలని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. పర్లాకిమిడి సంతకు కొండల మీంచి సవరలు దిగివచ్చేవారు. వాళ్ల మాటకు లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. రెండు భాషలూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆయన సవర నేర్చుకున్నారు. మేష్టరుగా ఉన్నవాడు మళ్లీ విద్యార్థి అయ్యారన్నమాట. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. ఒక భాషను చెవితో పట్టుకోవాలని బయలుదేరిన మనిషికి చెవులే పోయాయి. అయినా ఆ పని వదల్లేదు. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పడానికి సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్లు.

ఇక పాత సహాధ్యాయుల సంగతి. గురజాడ విజయనగరం సంస్థానంలో ఉండి 1897లో కన్యాశుల్కం అచ్చువేశారు. 1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే దొర మన వైపు బళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటీ, పుస్తకాల్లో తెలుగు మరొకటీ ఎందుకుండాలని అతనికి సందేహం వచ్చింది. విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు అతనికి తోడయ్యారు. అలా బాల్యమిత్రులిద్దరూ బడి వదిలిన దాదాపు 30 ఏళ్లకు ఒకే పనిలో భుజం కలిపారు. మనలాగా ఒకపూట భోజనానికి కలవడం కాదది. పండితుల కోపాన్ని పంచుకోవడానికి కలవడం. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. ఆనాటికి గ్రాంథికమే గెలిచింది. 1915 నవంబరు 30న, 53 ఏళ్ల వయసులో, గురజాడ కన్నుమూశారు.

స్నేహితుడు పోయాక గిడుగు మరో పాతికేళ్లు ఆ బరువు మోశారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. ఊరూరా సభల్లో ప్రసంగించారు. గ్రాంథికం తప్పనిసరి అన్న పండితుల రాతల్లోనే వాడుక మాటలు ఎన్ని దొర్లుతున్నాయో ఏరి చూపించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. 55 ఏళ్లు బతికిన ఊరిని విడిచిపెట్టి ఆయన ఆ రోజే రాజమండ్రి బయలుదేరారు. 1940 జనవరి 22న పోయారు. ఇవాళ ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

నేను ఇంజనీరింగు కాలేజీలో చేరిన మొదటి వారం నోరు తెరిస్తే, మన సిక్కోలు యాస విని తరగతంతా నవ్వింది. నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వెనక బెంచీ కుర్రవాడు మొదటిసారి అప్పుడే గుర్తొచ్చాడు. అతనికి మేం ఏం చేశామో నాకు తెలిసొచ్చింది. కానీ వెతికి వెళ్లి ఆ మాట చెప్పలేదు. తర్వాత ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు. ఆ కొండల కింద కాలవ పనులు చూసుకుంటూ మూడేళ్లు తిరిగాను కూడా. అప్పుడూ పైకి ఎక్కి అడగలేదు.

సంక్రాంతి కలయిక అయిన మర్నాడు బడి ఆఫీసుకి వెళ్లి పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించాను. అందులో అతని పేరు, ఊరి పేరు నీలిసిరాతో చక్కగా రాసి ఉన్నాయి. వచ్చే నెల మేం ముగ్గురం ఆ ఊరు వెళ్తున్నాం. అతను ఉన్నాడో లేడో, ఉంటే మమ్మల్ని చూడాలనుకుంటాడో లేదో తెలియదు. ముందు అతని పేరుతో పిలవాలి. తర్వాత సంగతి తర్వాత.

మన సంఘానికి ఒక మనవి. మన నిబంధనల్లో పదో తరగతి పాసైనవారికే సభ్యత్వం అని ఉంది. ఈ స్వర్ణోత్సవాల్లో ఆ ఒక్క వాక్యం మారుద్దాం. అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న ప్రతివారూ మన పూర్వ విద్యార్థే అని రాసుకుందాం. ఏ బ్యాచ్‌లోనైనా మధ్యలో బడి మానేసినవారి ఆచూకీ తెలిస్తే కమిటీకి చెప్పండి. ఈసారి హాజరు పిలిచేటప్పుడు ఆ పేర్లూ చదువుదాం.