మార్లవాయి బడి: హైమన్‌డార్ఫ్ జీవితం నుంచి మనం నేర్చుకోవలసిన లెక్క

మన గూడేనికి గానీ తండాకు గానీ కొత్త బడి మంజూరైందని తెలిస్తే మనం ముందుగా అడిగేది ఎన్ని గదులు, ఎన్ని లక్షలు అని. ఆ రెండూ అడగవలసినవే. కానీ వాటికంటే ముందు అడగవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. ఆ సంగతిని ఎనభై ఏళ్ల క్రితం ఆదిలాబాద్ అడవుల్లో చేసి చూపించినవారు ప్రొఫెసర్ క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయనను, ఆయన భార్య బెట్టీని గోండులు ఈనాటికీ తమ ఇంటి మనుషులుగా తలుచుకుంటారు. పల్నాటి చెంచు, సుగాలి, ఎరుకల, యానాది యువత కూడా ఆయన జీవితం తెలుసుకోవాలి.

వియన్నా నుంచి నల్లమలకు

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. మానవ శాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ పొందారు. తరువాత లండన్‌లో పరిశోధన చేశారు. 1936లో మన దేశానికి వచ్చి నాగా కొండల్లో కోన్యక్ నాగాల మధ్య ఏడాదికి పైగా గడిపారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. ఆమెనే అందరూ బెట్టీ అంటారు.

దంపతులిద్దరూ 1939లో మళ్లీ ఇండియాకు వచ్చారు. అంతలో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికే ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశస్థుడు. అందుకని హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదన్నారు. అయితే సంస్థానం లోపల గిరిజనుల మధ్య పని చేసుకోవడానికి ఒప్పుకున్నారు.

ఆయన మొదట వెళ్లింది చెంచుల దగ్గరికే. మన మాచర్ల వైపు నుంచి కృష్ణ దాటి ఎగువకు పోతే వచ్చే అమ్రాబాద్ పీఠభూమిలో 1940లో చెంచు పెంటల్లో ఉండి వారి జీవితాన్ని రాసుకున్నారు. ఆ పుస్తకం 1943లో వచ్చింది. మన వెల్దుర్తి, బొల్లాపల్లి చెంచులకు బంధువుల కథ అది. తరువాత గోదావరి కొండల్లోని కొండరెడ్ల దగ్గర, ఆ తరువాత ఆదిలాబాద్ గోండుల దగ్గర ఆయన పని సాగింది.

జోడేఘాట్ తరువాత

ఆయన గోండుల దగ్గరికి వెళ్లడానికి ఒక కారణం ఉంది. భూమి కోసం, అడవి మీద హక్కు కోసం పోరాడిన కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో అమరుడయ్యారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకుని నివేదిక ఇమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను కోరింది. దయతో అడిగినది కాదు. మళ్లీ తిరుగుబాటు వస్తుందేమోనన్న భయంతో అడిగినది. కాబట్టి ఆ తరువాత గోండు పిల్లల చదువుకు ఖజానా నుంచి వచ్చిన ప్రతి రూపాయి వెనుక భీం, ఆయన సహచరుల త్యాగం ఉంది. ఈ మాట మనం మరిచిపోకూడదు.

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి అనే గోండు గూడెంలో కాపురం పెట్టారు. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. ఊరి పెద్ద లచ్చు పటేల్ వారికి అండగా నిలిచారు. ఇద్దరూ గోండుల మాట నేర్చుకున్నారు, వాళ్ల పండుగల్లో కూర్చున్నారు, కష్టాలు విన్నారు. విన్నదంతా ప్రభుత్వానికి నివేదికలుగా రాసి పంపారు. వాటి ఫలితంగా లక్ష ఎకరాలకు పైగా భూమికి గిరిజనులకు పట్టాలు వచ్చాయి.

ముందు పంతులు, తరువాత బడి

1943లో గోండు విద్యా పథకం మొదలైంది. ఆ పథకం వేసిన క్రమాన్ని మీరు జాగ్రత్తగా గమనించాలి.

అప్పటికి గోండుల్లో చదవడం, రాయడం వచ్చినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. బయటి ఊరి పంతులును వేస్తే ఆయనకు గోండి రాదు, పిల్లలకు ఆయన భాష రాదు. అలాంటి చోట గోడలు కట్టినా చదువు సాగదు. అందుకే హైమన్‌డార్ఫ్ ఊరూరా బడి కట్టడంతో మొదలుపెట్టలేదు. మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంతో మొదలుపెట్టారు. కొద్దిమంది గోండు యువకులను చేర్చుకుని, వారికి చదువు చెప్పి, వారినే పంతుళ్లుగా తయారు చేశారు.

రెండో మెట్టు పుస్తకం. గోండి భాషలో వాచకాలు రాయించారు. అక్కడి జనానికి మరాఠీ కొంత పరిచయం కాబట్టి దేవనాగరి లిపిలో అచ్చు వేయించారు. పిల్లలు ముందు ఇంటి భాషలో అక్షరాలు దిద్దుకుని, ఆ మీదట ఇతర భాషలకు వెళ్లేవారు. పంతులు, పుస్తకం సిద్ధమయ్యాక గూడేల్లో బడులు తెరుచుకుంటూ వచ్చాయి. శిక్షణ పొందినవారిలో కొందరు పట్వారీలుగా, గుమాస్తాలుగా, ఫారెస్టు గార్డులుగా కూడా చేరారు. అంతవరకు ఆ ఉద్యోగుల ముందు చేతులు కట్టుకుని నిలబడిన జాతికి అది చిన్న మార్పు కాదు.

1945లో ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠం కూడా చెప్పారు. కొన్నేళ్లకు లండన్ వెళ్లిపోయి 1976 వరకు అక్కడ ఆచార్యులుగా పనిచేశారు.

ఆగిపోయిన చోటు

1948లో సంస్థానం పోయింది. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. పై అధికారులు మారారు, పాఠ్య భాష మారింది. బడులు ఉన్నాయి, కానీ గోండి వాచకాలు మూలన పడ్డాయి. హైమన్‌డార్ఫ్ 1970ల చివర మళ్లీ వచ్చి చూసేసరికి తాను ఇప్పించిన భూముల్లో ఎన్నో గిరిజనేతరుల చేతుల్లోకి పోయాయి. గోండిలో చదువు ఆగిపోయింది. ఆ బాధనంతా 1982లో వచ్చిన పుస్తకంలో రాశారు.

మన రాష్ట్రంలో ఇంటి భాషలో చదువు మళ్లీ మొదలైంది 2004 ప్రాంతంలో. గోండి, కోయ, సవర, బంజారా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చారు. మన ఎరుకల భాష ఆ ఎనిమిదిలో లేదు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో చనిపోయారు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి భార్య పక్కన ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఇద్దరినీ స్మరించుకుంటారు.

ఇప్పుడు డబ్బు ఎవరి దయా కాదు

మార్లవాయి పథకంలో ఒక లోపం ఉంది. దాని నిధులు ప్రభుత్వం ఇష్టం మీద, ఒక సలహాదారు మాట మీద ఆధారపడ్డాయి. ఆ మాట చెప్పే మనిషి వెళ్లిపోగానే పని వెనకబడింది. ఈ ప్రమాదం ఠక్కర్ బాపా వంటి పెద్దలకు తెలుసు. 1947లో ఆయన అధ్యక్షతన పనిచేసిన రాజ్యాంగ సభ ఉపసంఘం గిరిజన ప్రాంతాలకు కేంద్రమే డబ్బు ఇవ్వాలని కోరింది. అదే రాజ్యాంగం 275(1) అధికరణంలో చేరింది. 1997-98లో మొదలైన ఏకలవ్య పాఠశాలలకు ముందుగా డబ్బు వచ్చింది ఆ పద్దు నుంచే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం కూడా వచ్చింది.

పల్నాడు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కదా, మనకేం వస్తుంది అని కొందరు నిరుత్సాహపడతారు. 275(1) అధికరణం షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించి ఒక్కటే చెప్పలేదు, రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగల సంక్షేమం గురించి కూడా చెప్పింది. అయితే ఇక్కడ మనం నాలుగు ఊళ్లలో కొద్దికొద్దిగా ఉన్నాం. అడగకపోతే లెక్కలోకి రాము.

అడగడానికి దారి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయవలసింది బడి యాజమాన్య కమిటీ. అందులో మూడొంతులు, అంటే నూటికి డెబ్బై అయిదు మంది, తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం. పంతులుకొక గది, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలని అదే చట్టం చెప్పింది. వీలైనంతవరకు ఇంటి భాషలో బోధించాలనీ చెప్పింది. స్థలం అడవి భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం 3(2) కింద గ్రామసభ సిఫారసుతో బడికి హెక్టారు లోపు భూమి ఇవ్వవచ్చు.

మన అమ్మానాన్నల్లో చాలామంది ఆ కమిటీ పుస్తకంలో వేలిముద్ర వేసి వచ్చేస్తారు. చదువుకున్న మీరు ఆ రోజు వాళ్ల పక్కన కూర్చోండి. తీర్మానం చదివి వినిపించండి. ఎన్ని గదులని అడిగే ముందు అడగండి: పంతులు ఎవరు, ఏ భాషలో చెబుతారు, స్థలం ఎవరి పేరున ఉంది, కట్టిన తరువాత ఏటా ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది. ఈ నాలుగింటికి జవాబు కాగితం మీద ఉంటే, రేపు అధికారి బదిలీ అయినా మన బడి నిలబడుతుంది.